లంకల ఆకు, వైట్‌ఫీల్డు వసారా

వైట్‌ఫీల్డులో ఇన్నర్ సర్కిల్ అను పేర ఒక వృత్తాకారపు వీధి నేటికిని మిగిలియున్నది. దాని నలువైపులను అద్దపు మేడలు లేచినవి; వాహనముల రొద రేయింబవళ్లు ఆగుట లేదు; ఐనను ఆ వీధిలోనికి మలుపు తిరిగినంతనే వృద్ధవృక్షముల నీడయు, పెంకుటిండ్ల వసారాలును, వెనుకటి తరముల నెమ్మదియు కొంతలో కొంతయైనను మనకెదురు వచ్చును. ఆ వీధికి కూతవేటు దూరమున, రాజమహేంద్రవరము, గుంటూరు, ఒంగోలు ప్రాంతములనుండి ఉద్యోగములకై వచ్చి కాపురములు పెట్టిన తెలుగు యువకులు కొందరు ఒకనాటి సాయంకాలము నన్ను తమ యింటికి పిలిచి, దేవదారు వంటి సువాసనగల పలకలతో లోపలివైపు తాపడము చేసిన ఒక చిన్న పెట్టెను తెరచి చూపిరి. అందులో క్యూబా దేశపు సిగార్లు వరుసగా పేర్చబడియున్నవి. మూతకు బిగించిన గుండ్రని గడియారము వంటి యంత్రములో ముల్లు గాలిలోని తేమ యెంతయో తెలుపుచున్నది. వారిలో పిన్నవాడు, “బాబాయిగారూ, ఎండాకాలం వచ్చేసరికి ఇక్కడి గాలికి ఇవి పెళుసెక్కి పగిలిపోతున్నాయి. ఏం చెయ్యమంటారు?” అని అడిగెను. నేను వానికి సమాధానము చెప్పుటకు ముందు, “లంకాకు చుట్ట ఎప్పుడైనా చూశావా నాయనా?” అని ఎదురుప్రశ్న వేసితిని. గోదావరి గట్టున పుట్టి పెరిగిన ఆ పిల్లవాడు చూడలేదనెను. ఆ మాట నా మనస్సున నాటుకొన్నది. ఏ విద్యను అతడు వేలకొలది రూపాయలు పోసి పరదేశపు పుస్తకములనుండి నేర్చుకొన యత్నించుచున్నాడో, ఆ విద్య వాని తాతముత్తాతల యింటి చూరు క్రింద నిరక్షరాస్యుల వ్రేళ్లకొనలయందు నిలిచియుండెను. ఆ కథను వాని కొరకును, వాని వంటి వారి కొరకును వ్రాయుచున్నాను.

ముందుగా మేము కూర్చున్న నేల మాట. మద్రాసులోని ఆంగ్లో ఇండియనుల సంఘమునకు నాయకుడైన డేవిడ్ ఇమ్మాన్యుయేల్ స్టార్కెన్‌బర్గ్ వైట్ అను నతడు, తన సమాజము వారు సర్కారు కొలువులనే నమ్ముకొని జీవించుట క్షేమకరము కాదనియు, భూమిని దున్ని స్వతంత్రముగా బ్రతుకుట యుక్తమనియు తలపోసి మైసూరు మహారాజును ఆశ్రయింపగా, 1882లో పదవ చామరాజేంద్ర ఒడయరువారు బెంగుళూరునకు తూర్పున 3,900 ఎకరముల భూమిని దయచేసిరి. వైట్ పేరనే ఆ వలసకు వైట్‌ఫీల్డు అను నామము కలిగెను. నడుమ పచ్చికబయలు, దాని చుట్టును వలయాకారపు బాట, బాట వెంబడి తోటలతోడి యిండ్లు, ప్రతి యింటికిని ముందు వెడల్పాటి వసారా: ఇది ఆ ఊరి కూర్పు. చుట్టుపట్ల పల్లెలలో కన్నడముతోబాటు తెలుగును ఇంటిభాషగా మాటలాడు రైతు కుటుంబములు వెనుకటినుండియు కలవు గనుక, ఈ నేలకు మన భాష క్రొత్తది కాదు. ఇక్కడనే వేవర్లీ ఇన్ అను విడిదియింటికి, బెంగుళూరు దండులో నాల్గవ హుస్సారుల సేనయందు పడుచు లెఫ్టినెంటుగా 1896లో వచ్చి చేరిన విన్‌స్టన్ చర్చిల్ గుఱ్ఱముపై వచ్చిపోవుచుండెడివాడని ఊరివారు నేటికిని చెప్పుకొందురు. ఆ జనశ్రుతి యటులుండగా, అతడు 1895లో క్యూబా ద్వీపమునకు పోయి, అక్కడి సిగార్ల రుచి మరిగి, బ్రతికినన్నాళ్లు విడువలేదన్నది మాత్రము లోకవిదితము. బెంగుళూరు క్లబ్బువారి 1899 నాటి లెక్కల పుస్తకములో అతడు చెల్లింపక పోయిన 13 రూపాయల బాకీ నేటికిని చూపబడుచున్నది.

ఆ కాలపు దొరల వసారాలలో కాలినది ప్రతిదినమును క్యూబా ఆకు కాదు. సముద్రములు దాటి వచ్చిన సిగారు పండుగనాటి వస్తువు. నిత్యోపయోగమునకు మద్రాసు రాజధానిలో చుట్టబడిన చుట్టయే గతి. తిరుచిరాపల్లి చుట్ట, దిండిగల్ చుట్ట, లంక చుట్ట అని మూడు పేర్లు వారి నోళ్లలో నానుచుండెను. ఆంగ్లేయులు దీనిని ‘చెరూట్’ అనిరి. ఆ మాట తమిళుల ‘చురుట్టు’నకు వికృతి. చురుట్టు అనిన చుట్టబడినది. మన ‘చుట్ట’కును అదియే అర్థము. వస్తువును చేసిన చేతిపనియే వస్తువునకు పేరైనది. ఆకును పండించిన రైతు పేరుగాని, ఎండబెట్టిన కూలి పేరుగాని, అమ్మిన వర్తకుని పేరుగాని కాక, చుట్టిన చేయి చేసిన క్రియ ఒకటే భాషలో నిలిచి, సముద్రములు దాటి పరభాషల నిఘంటువులకెక్కినది. ఈ వ్యాసమునకు మూలమైన భావము అందులోనే యున్నది: పొగాకు చరిత్రము చేతుల చరిత్రము.

పొగాకు మన దేశపు మొక్క కాదు. 1492లో కొలంబసు అడుగుపెట్టునంత వఱకు అది అమెరికా ఖండముల ఆదివాసులకే తెలిసిన ఓషధి. పోర్చుగల్లులో ఫ్రాన్సు రాయబారిగా నుండిన జాన్ నికో అను నతడు 1560 ప్రాంతమున దానిని తన రాణికి పంపి ప్రచారము చేయుటచే, శాస్త్రజ్ఞులు ఆ మొక్కకును, అందలి విషమునకును అతని పేరే పెట్టిరి. పోర్చుగీసువారి ఓడలలో అది గోవా తీరమునకును, అచ్చటినుండి దక్కనునకును చేరెను. ఉత్తరాదివారు దీనిని ఎరుగుట మన తరువాతనే. అక్బరు పాదుషా కొలువునుండి బిజాపురమునకు రాయబారమేగిన అసద్ బేగ్ అను నతడు, 1604-05 ప్రాంతమున, అక్కడ దొరికిన పొగాకును, రత్నములు తాపిన గొట్టమును కొనిపోయి చక్రవర్తికి కానుకగా సమర్పించెను. పాదుషా కుతూహలముతో రెండు మూడు దమ్ములు లాగెను. రాజవైద్యుడు తెలియని ఓషధిని వాడరాదని అడ్డుచెప్పెను. అసద్ బేగ్ ఆ వైద్యునితో వాదమాడెను. చక్రవర్తి మరల దానిని ముట్టలేదుగాని, సభలోని సామంతులు రుచి మరిగిరి. అటుపిమ్మట పండ్రెండేండ్లకు, 1617లో, జహంగీరు పాదుషా దానిని నిషేధించుచు ఆజ్ఞ వెలువరించెను. ఆజ్ఞ గ్రంథములలో నిలిచెను. పొగ ఊరూరను లేచెను. ఆనాటి రాజవైద్యుని సందేహమే శతాబ్దుల తరువాత వైద్యశాస్త్రము చెప్పిన తీర్పునకు మొదటి వాక్యమని మనము గుర్తుంచుకొనవలెను.

తెలుగుతీరమున ఈ మొక్క వేగముగా పాదుకొన్నది. గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున మచిలీపట్టణములో ఆంగ్లేయ వర్తకుల కొఠీకి పెద్దయై 1618 మొదలు 1622 వఱకు నివసించిన విలియం మెథ్వోల్డు, అచ్చటినుండి అరకాను దేశమునకు పోవు ఓడలలో పొగాకు ముఖ్యమైన సరకని వ్రాసెను. అనగా, అక్బరు కొలువులో వింతవస్తువుగా చూపబడిన పదునైదు ఇరువది యేండ్లలోపలనే మన రైతు దానిని పండించి, పరదేశమునకు ఎగుమతి చేయు స్థితికి వచ్చెనన్నమాట. 1669కిని 1679కిని నడుమ బంగాళాఖాతపు రేవులు తిరిగిన థామస్ బౌరీ అను నావికుడు, ‘జెంటూ’లు మొదలగు పేదసాదలు ఆకును ఊరక చుట్టి, ఒక కొన ముట్టించి, రెండవ కొనను పెదవుల నడుమ పట్టి పొగ త్రాగుదురనియు, పోర్చుగీసులు దానిని చెరూటా అందురనియు తెలిపెను. జెంటూ అనునది ఆ తీరమున తెలుగువారికి పరదేశీయులు పెట్టిన పేరు. ఈ విధము మిగుల హీనమైనదనియు, అయినను బహుశః ఇదియే మొదటి పద్ధతియై యుండుననియు అతడు తలచెను. మొదటి మాట దొరతనపు అహంకారము. రెండవ మాట సత్యము. గొట్టము లేక, హుక్కా లేక, వెండిపనిముట్టు లేక, ఆకునకు ఆకే పాత్రయగు ఈ సరళత ముందు, రత్నములు తాపిన బిజాపుర గొట్టము ఆడంబరమే సుమా!

ఇక లంకల సంగతి. ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ మొదలగు పాయలుగా చీలి సముద్రమునకు పోవు త్రోవలో, నీటినడుమ తేలిన మెరకలను మనవారు లంకలందురు. ఎగువను కూడ అట్టివి కలవు. ఆషాఢ శ్రావణములలో నది పొంగి లంకలను ముంచి, పోవుచు పోవుచు సన్నని ఒండ్రు పొరను పరచి పోవును. ఏటికొకమారు క్రొత్తబారు ఆ నేలకు వేరు ఎరువక్కరలేదని పెద్దలనెడివారు. వరద తీసిన పిమ్మట నారు నాటి, తలలు తుంచి, పిలకలు గిల్లి, మొక్క బలమంతయు ఆకులోనికే దిగునట్లు చేయుదురు. శీతకాలము కడచి ఎండ ముదురు వేళకు ఆకు దళసరియై, జిగురు కట్టి, పచ్చదనము తగ్గి మచ్చలు తేలును. అప్పుడు కోసి, త్రాళ్లకు గ్రుచ్చి, పందిళ్లపై గాలికిని ఎండకును ఆరవేయుదురు. ఆరిన ఆకును మంచు పడువేళ మెత్తబడనిచ్చి దించి, కుప్పవేసి, గోనెలు కప్పి మాగబెట్టుదురు. కుప్ప లోపల వేడి పుట్టును. చేయి దూర్చి చూచి, వేడి మితిమీరకుండ కుప్పను తిరుగవేయుచు, పై ఆకు లోనికి, లోని ఆకు పైకి మార్చుచుండవలెను. ఆ మాగుటలోనే పచ్చివాసన పోయి, ఘాటు మెత్తబడి, ఆకునకు ముదురుగోధుమ వన్నెయు, పరిమళమును అబ్బును. క్యూబా దేశమున సిగారు ఆకునకు నెలల కొలది జరుపు సంస్కారము మూలమున ఇదియే. అక్కడ దానికి గోదాములు, గ్రంథములు, గొప్ప గొప్ప పేర్లు కలవు. ఇక్కడ గోనెపట్టాయు, రైతు అరచేయియు మాత్రమే యుండెను.

చుట్ట చుట్టుటను నేను బాల్యమున మా తాతగారివద్ద చూచితిని. ఆయన తెల్లవారుజామున లేచి, అటకమీది మట్టికుండను దించి, అందులోనుండి ఒక పొగాకు కాడను తీసి, దానిని ముందుగా చెవియొద్దకు చేర్చి రెండు వ్రేళ్ల నడుమ మెల్లగా నొక్కెడివారు. గలగలమనిన ఆకు ఎండినదని అర్థము. చప్పుడే లేక మెత్తగా అణగిన తేమ యెక్కువైనదని అర్థము. లోలోపల సన్నగా గుసగుసలాడినట్లు వినబడిన అది చుట్టుటకు పాకమునకు వచ్చినదని తెలియవలెను. ఎండిన ఆకైనచో తడిపి పిండిన గుడ్డలో చుట్టి ప్రక్కనుంచి, తక్కిన పనులు చూచుకొని వచ్చెడివారు. ఆకుపై నీరు చిలుకరించుట ఆయనకు కిట్టదు. పైపొర తడిసి లోపొర తడియనిచో చుట్ట సగము కాలి సగము కాలదనెడివారు. ఆ మీదట బొటనవ్రేలి గోటితో నడిమి యీనెను మొదటినుండి కొనవఱకు ఒక్క ఊపున చీల్చి తీసి, చిరుగులేని వెడల్పాటి ఆకును తొడపై పరచి, చిన్న ముక్కలను దానిపై పొడవునను సర్ది, అరచేతి మడమతో ఒత్తుచు దొర్లించెడివారు. బిగువు ఎక్కువైన దమ్ము రాదు. తక్కువైన నిప్పు పరుగెత్తి నోరు కాలును. కడకు కొనను మెలిపెట్టి, ఒక పూట గాలికి చూరులో గ్రుచ్చెడివారు. దాలిలోని పిడకనిప్పు తెచ్చి ఇచ్చుట నా పని. ఆయన ఆ నిప్పును చుట్టకు తాకింపక, వ్రేలెడు దూరమున పట్టి, కొనను నెమ్మదిగా త్రిప్పుచు, అంచంతయు సమముగా రాజిన పిదపనే మొదటి దమ్ము తీసెడివారు. ఈ కార్యక్రమమంతయు జరుగునప్పుడు ఆయన ముఖమున దేవతార్చన చేయువాని శ్రద్ధ కనబడుచుండెను.

ఇట్టి ఆకు యొక్క కీర్తి ఖండాంతరములకు ప్రాకినది. కాకినాడ రేవునుండి లంక పొగాకు బర్మాకు పోయి, అక్కడి చుట్టలలోనికి చేరెను. మద్రాసు రాజధానిలోని ఆంగ్లేయులు లంకాకు చుట్టను ‘లుంకా’ యని పిలిచి, ఘాటైన వానిలో మేలైనదిగా ఎంచిరి. 1890లో ఆర్థర్ కోనన్ డాయిల్ ప్రకటించిన నాలుగు గుర్తుల కథలో, షెర్లాక్ హోమ్స్ అను నపరాధపరిశోధకుడు, పొగాకు బూడిదలలోని భేదములనుగూర్చి తాను వ్రాసిన ప్రబంధమునందు 140 రకములను వర్ణించితినని చెప్పుచు, హంతకుడు భారతదేశపు లుంకా త్రాగువాడని తేలినచో వెదకవలసిన పరిధి ఎంతయో తగ్గిపోవునని వివరించును. లండను మహానగరమున కల్పితపురుషుడొకడు బూడిదను చూచి గుర్తింపగలిగిన ఆ లంక ఏ నదిలో నున్నదో, ఆ ఆకును మాగబెట్టినది ఎవరో ఆ కథను చదివిన లక్షలమందిలో ఎందరెరుగుదురు? మన సాహిత్యమునందును చుట్ట తన చోటును సంపాదించుకొన్నది. గురజాడవారి కన్యాశుల్కమున గిరీశము శిష్యుడైన వెంకటేశమునకు చదువుకంటె ముందు పొగ మహిమను బోధించి, దానిపై పద్యము వల్లించుట తెలుగువారందరెరిగిన ఘట్టము. ఇల్లు కాలి ఒకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడిగిన వాని సామెత ఏ పల్లెలో వినబడదు? కీర్తించుటకును, నిందించుటకును భాషలోనే సామగ్రి నిండుగా నుండుటచేత, ఈ అలవాటు మన బ్రతుకులో ఎంత లోతుగా దిగినదో గ్రహింపవచ్చును.

ఇరువదవ శతాబ్దము వచ్చుటతోనే కథ మలుపు తిరిగెను. 1910లో కలకత్తాలో నెలకొన్న ఇంపీరియల్ టొబాకో కంపెనీవారు, సిగరెట్టునకు కావలసిన ఆకును ఈ దేశముననే పండింపదలచి, 1912లో గుంటూరు సీమలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీని స్థాపించిరి. మరుసటి యేడు, 1913లో, వారి మొదటి సిగరెట్టు కర్మాగారము బెంగుళూరులో వెలసెను. గుంటూరు నల్లరేగడికిని బెంగుళూరు దండునకును ఆకు వలన సంబంధము ఇట్లు ముడివడినది. 1920లలో వర్జీనియా రకపు సాగు విస్తరించెను. లంకాకువలె గాలికి ఎండకు వదలక, మూసిన బారనులో గొట్టముల గుండ వేడిని పంపి, కొలది దినములలో ఆకును నిమ్మపండు వన్నెకు తెచ్చు పద్ధతి పల్లెపల్లెకు ప్రాకెను. హైదరాబాదులో 1930లో వజీర్ సుల్తాన్ కంపెనీ ఏర్పడి చార్మినార్ సిగరెట్టును ఇంటింటి పేరుగా చేసెను. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయమును, 1976లో గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డును నెలకొనెను. బోర్డువారి వేలము పద్ధతి 1984లో కర్ణాటకమునను, మరుసటి యేడు ఆంధ్రదేశమునను మొదలయ్యెను.

ఈ పరిణామము వలన రైతునకు నగదు వచ్చినది, కొన్ని యేండ్లు అప్పులును వచ్చినవి. గ్రేడింగు కొట్లలో వేలకొలది స్త్రీలకు కూలి దొరికినది. ఐనను పొగత్రాగువానికిని ఆకునకును నడుమ తెర పడినది. కాగితములో సన్నగా తరిగి మూసిన ఆకు ఏ పొలమున పండినదో, ముదిరినదో లేతదో, మాగినదో పచ్చిదో వానికి తెలియదు. తెలిసికొనవలసిన అవసరమును లేదు. చుట్ట త్రాగువాడు దినమునకు రెండో మూడో చుట్టుకొనుటకే పూటలో కొంత భాగము వెచ్చింపవలసి వచ్చెడిది. సిగరెట్టు త్రాగువాడు పెట్టెపై పెట్టె ఊదగలడు. విద్య తొలగిపోయినచోట వేగము ప్రవేశించెను. వేగముతోబాటు మితియు తొలగెను.

ఇప్పుడు ఆ పిల్లవాని ప్రశ్నకు వత్తును. సముద్రమట్టమునకు 900 మీటర్ల ఎత్తుననున్న ఈ పీఠభూమిలో మాఘము మొదలు చైత్రము వఱకు గాలి పొడిబారును. అప్పుడు సిగారు పై ఆకు ముడుచుకొని పగులును. వానకాలమున అదే ఆకు ఉబ్బి, బూజుపట్టును. కనుక పెట్టెలోని తేమ నూటికి 65 మొదలు 70 వఱకును, వేడి 20 డిగ్రీల దరిదాపుననుండునట్లు చూచుకొనవలెను. క్రొత్త పెట్టెలో పలకలే ముందుగా తేమను పీల్చును గావున, వానిని కొన్ని దినములు తేమకు అలవరచి కాని సిగార్లనుంచరాదు. ఎండిన సిగారును ఒక్కసారిగా తడిగాలిలో నుంచిన లోపలి ఆకు ముందుబ్బి పై ఆకును చీల్చును; కొంచెము కొంచెముగా వారముల కొలది తేమ పట్టింపవలెను. మా తాతగారు నీరు చిలుకరింపక తడిగుడ్డను నమ్ముకొనిన రహస్యము ఇదియే. పై ఆకుపై సూదిమొన బెజ్జములు కనబడిన పొగాకు పురుగు పుట్టినదని తెలిసికొని, వెంటనే వానిని వేరుచేసి, మిగిలినవానిని గాలి చొరని సంచిలో కట్టి, కొన్ని దినములు గడ్డకట్టు చలిలోనుంచి, అటుపై మెల్లమెల్లగా మామూలు గాలికి తేవలెను. కొసను కోయునప్పుడు టోపీవంటి పై ముక్కను మాత్రమే తీయవలెను. అంతకు మించిన ఆకు విప్పుకొనును. అగ్గిపుల్ల గంధకము పూర్తిగా కాలిన పిదపనే దగ్గరకు తేవలెను. దమ్మునకు దమ్మునకు నడుమ నిమిషమైనను ఎడముండవలెను. తొందర పడినచో లోపలి నిప్పు మితిమీరి ఆకు చేదెక్కును.

పైపు త్రాగువారికిని సూత్రము వేరు కాదు. మధ్యధరా తీరమున పెరుగు బ్రయర్ పొద వేరుముద్దను చెక్కి పైపును చేయుదురు. వేడికి అది తట్టుకొనునుగాని, వెంటవెంటనే మరల మరల వాడిన తేమ నిలిచి పులిసిన వాసన పట్టును. కనుక ఒకమారు వాడినదానిని శుభ్రపరచి, దినమైనను ఆరనీయవలెను. అడుగున వదులుగను, నడుమ కొంచెము బిగువుగను, పైన గట్టిగను పొగాకును నింపుట మర్యాద. చుట్ట బిగువును అరచేయి ఎరిగినట్లు పైపు బిగువును బొటనవ్రేలు ఎరుగవలెను. సిగారైనను, పైపైనను, చుట్టయైనను పొగను నోటిలోనే నిలిపి విడుచుట వాడుక. రొమ్ములోనికి పీల్చుట వీని పద్ధతి కాదు. ఇవన్నియు ఓపిక నేర్పు నియమములు. ఓపికలేనివానికి ఎంత ఖరీదైన ఆకైనను గడ్డిపరకయే.

కాని ఇంతటితో ముగించినచో నేను సగము సత్యమునే చెప్పినవాడనగుదును. పొగను రొమ్ములోనికి పీల్చకపోయినను, నోటిని, గొంతును అది విడువదు. శ్రీకాకుళ, విశాఖపట్టణ తీరములలోని బెస్తపల్లెలయందును, చుట్టుపట్లను, పెక్కుమంది స్త్రీలు చుట్ట మండుకొనను నోటిలోనికి త్రిప్పి త్రాగుదురు. దానిని అడ్డపొగ యందురు. గాలికిని, నీటి తుంపరలకును నిప్పు ఆరకుండుటకై ఈ పద్ధతి పుట్టినదని కొందరు చెప్పుదురు. పుట్టుక ఎట్టిదైనను, అంగిలిపై నిప్పువేడి దినదినమును తగులుటచే అచ్చట పుండ్లును, పుట్టకురుపును కలుగుచుండుటను 1950లలోనే విశాఖ వైద్యులు గమనించి వ్రాసిరి. 1971లో డెన్మార్కు, బొంబాయి వైద్యశాస్త్రజ్ఞులు కలసి 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించి, అడ్డపొగకును అంగిలి వ్యాధులకును గల సంబంధమును లోకమునకు వెల్లడించిరి. ఆ అంకె వెనుక నున్నవారు చేపల బుట్టలు మోసిన అవ్వలు, వలలు బాగుచేసిన తల్లులు. వారి నోళ్ల వలన లోకమునకు జ్ఞానము కలిగినది; వారికి కలిగిన బాధను ఏ పత్రికయు మోయలేదు. పొలములో తడి ఆకును కోయు కూలివాని చర్మము ద్వారమున సైతము ఆ విషము దేహమునకెక్కి, వాంతులును, తలత్రిప్పుటయు కలుగుచుండును. ఆకు యొక్క సౌందర్యమును చెప్పువాడు ఈ మూల్యమును దాచరాదు. అందుచేత పొగ త్రాగనివానికి నేను చెప్పు ఆచరణయోగ్యమైన సలహా ఒక్కటే: మొదలుపెట్టకుము. త్రాగువానికి చెప్పునది: అరుదుగా, ఆరుబయట, పిల్లలకును గర్భిణులకును దూరముగా, మానగలిగిన నాడు మానుము. పెద్దల యెదుట చుట్టను దాచుట మన పూర్వపు మర్యాద. 2008 అక్టోబరు 2 మొదలు బహిరంగస్థలములలో పొగను నిషేధించిన శాసనము ఆ మర్యాదనే అందరి యెదుటికి విస్తరింపజేసినదని నేను భావింతును.

నేను చెప్పినదంతయు ఆ యువకులు విని, చీకటి పడువేళకు పెట్టెను మూసిరి. గోదావరి గట్టువాడు నన్ను వీధి చివరవఱకు సాగనంపుచు, “మీ తాతగారు చివరిదాకా తాగేవారా?” అని అడిగెను. లేదంటిని. ఆయనకు అరువదియైదవ యేట దగ్గు ముదిరి, వైద్యుడు గట్టిగా మందలింపగా, ఆ దినముననే చుట్టను విడిచిరి. మరల పెదవికి తాకింపలేదు. ఐనను అటకమీది కుండ దిగుట మాత్రము ఆగలేదు. ఇరుగుపొరుగువారు క్రొత్తగా మాగిన కాడలను తెచ్చి ఆయన ముందుంచెడివారు. ఆయన కన్నులు మూసికొని, ఆకును చెవియొద్ద నొక్కి, ఒకమారు వాసన చూచి, “ఇంకో రెండు వారాలు కుప్పలో ఉంచు,” అనియో, “ఇది వేడెక్కిపోయింది, తీసెయ్యి,” అనియో చెప్పి తిరిగి యిచ్చెడివారు. పొగను ఆయన మానిరి, ఆకును మానలేదు. ఆ కుర్రవాడు కొంతదూరము మాటలేక నడచి, ఈమారు ఊరికి పోయినప్పుడు లంకలోనికి పడవ యెక్కి పోయి, ఆకు మాగు కుప్పలో చేయి పెట్టి చూచి వత్తుననెను.